హిసాబ్ పర్చా: పదో తరగతి గుమ్మానికి లెక్కల గొళ్ళెం ఎప్పుడు పడింది?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చే రోజు నా ఫోన్ పొద్దుటి నుంచి మోగుతూనే ఉంటుంది. జర్నలిస్టు కదా, వీడి దగ్గర లిస్టు అందరికన్నా ముందే ఉంటుందని మా వాళ్ళ గుమాన్. హాల్ టికెట్ నంబర్ చెప్తారు, నేనూ వాళ్ళలాగే ఇంటర్నెట్‌లో చూస్తాను. "పాస్, ముబారక్" అని చెప్పే ఫోన్లు తొందరగా అయిపోతాయి. రెండో రకం ఫోన్లు ఉంటాయే, అవే కష్టం. అవతల కాసేపు ఖామోషీ. తర్వాత "కిస్ మే గయా భాయ్?" అని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపు జవాబూ వాళ్ళే చెప్పేస్తారు: "హిసాబ్ మేచ్ గయా హోంగా." లెక్కల్లోనే పోయుంటుంది. ఎక్కువసార్లు ఆ అందాజా తప్పదు.

లెక్కల్లో 35 రాకపోతే పదో తరగతి పాస్ కాదు. ఈ రూలును మనం పైనుంచి దిగిన హుకుంలాగా ఒప్పేసుకున్నాం. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, అంతకు ముందు ఏముండేది అని అడగం. పిల్లవాణ్ణి తిడతాం, ట్యూషన్ మాస్టర్ని తిడతాం, చివరికి మన నసీబ్‌ని తిడతాం. కానీ ఈ రూలుకి ఒక తారీఖ్ ఉంది. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటేనే చరిత్ర కూడా. ఇక్కడ రెండూ రాస్తాను.

ముందు ఆ గొళ్ళెం వెనక ఏముందో చూద్దాం. మన ఇళ్ళలో పదో తరగతి సర్టిఫికెట్ ఉద్యోగానికన్నా ముందు పాస్‌పోర్టుకి పనికొస్తుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, పదో తరగతి పాస్ కాని మనిషికి మామూలుగా ఇచ్చే పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. అంటే కువైట్‌కో, సౌదీకో, ఖతర్‌కో కూలికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఇజాజత్ కావాలి. పాసైన వాడికి ఆ చెక్ లేదు. ఇద్దరు అన్నదమ్ములు ఒకే ఏజెంటు దగ్గరికి వెళ్తే, ఒకడికి లెక్కల్లో 36, ఇంకొకడికి 31 వచ్చినందుకు ఇద్దరి కాగితాలూ రెండు దారులు పడతాయి. 2007లో వచ్చిన బీసీ-ఈ కింద నాలుగు శాతం రిజర్వేషన్ కోసం మన వాళ్ళు ఎంత కొట్లాడారో మీకు తెలుసు. కాలేజీ సీటులో ఆ నాలుగు శాతం అక్కరకు రావాలంటే ముందు పదో తరగతి దాటాలి. 2006లో సచార్ కమిటీ చెప్పిన మాట ఇది: దేశంలో పదిహేడేళ్ళు, ఆపైన వయసున్న వాళ్ళలో మెట్రిక్ పూర్తి చేసినవాళ్ళు నూటికి 26 మంది, ముస్లింలలో 17 మంది. ఆ తొమ్మిది మంది తేడాకి గుర్బత్ ఒక కారణం, మధ్యలో బడి మానేయడం ఒక కారణం. పరీక్ష దాకా వచ్చి ఆగిపోయిన వాళ్ళలో హిసాబ్ పర్చా ఆపిన వాళ్ళు ఎందరో మన మొహల్లాల్లో ఎవరిని అడిగినా చెప్తారు.

ఇక్కడ చాలామంది తేలిగ్గా అనే ఒక మాట ఉంది: "మన వాళ్ళకి లెక్కలు రావు." నాకు దీని మీద కోపం. లెక్కలు రాని కౌమ్ భాష ఊరి ఖాతా పుస్తకాల నిండా ఎలా పరుచుకుంది? మా కృత్తివెన్ను కృష్ణా జిల్లాకి తూర్పు చివర ఉంది. ఒక వైపు సముద్రం, ఇంకో వైపు ఉప్పుటేరు, ఏరు దాటితే పశ్చిమ గోదావరి. అక్కడ ఏ కులం రైతును కదిపినా జమ, ఖర్చు, బాకీ, వసూలు, ఖాతా, రసీదు, కిస్తీ అంటాడు. భూమి పన్ను కాగితాల్లో ఫసలీ, జమాబందీ. వీటిలో ఎక్కువ ఫార్సీ, అరబీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులో స్థిరపడిన మాటలు. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీబందర్. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ వచ్చేనాటికే అక్కడ ఇరానీ, అరబ్, తెలుగు వర్తకులు కలిసి హిసాబ్ రాసుకుంటున్నారు. బందరు వ్యాపారం ఇంగ్లీషువాడు వచ్చి లెక్కలు నేర్పితే మొదలైంది కాదు.

ఇంకా వెనక్కి వెళ్తే, బగ్దాద్‌లో దాదాపు 820లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన కితాబ్ పేరులోని "అల్ జబ్ర్" అన్న ముక్కే ప్రపంచమంతా ఆల్జీబ్రా అయ్యింది. ఆయన పేరే అల్గోరిథం అయ్యింది. ఇది మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సంగతే, కొత్తది కాదు. కానీ గ్రూపుల్లో రాని సంగతి ఒకటుంది. ఆ కితాబ్‌లో పెద్ద భాగం విరాసత్ గురించి, వసియ్యత్ గురించి. ఆస్తి పంపకాలకీ, వ్యాపారానికీ, భూమి కొలవడానికీ, కాలువలు తవ్వడానికీ పనికొచ్చే లెక్క రాస్తున్నానని ఆయన ముందుమాటలోనే చెప్పాడు. కాలువ అనే మాట దగ్గర డెల్టావాడినైన నేను కాసేపు ఆగిపోయాను. ఇంకో తమాషా, ఆ బగ్దాద్‌కి సిఫర్ వెళ్ళింది హిందుస్తాన్ నుంచే. శూన్యం అక్కడ సిఫర్ అయ్యి, యూరప్ వెళ్ళి జీరో అయ్యింది. తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుల గణితాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన పదకొండో శతాబ్దం వాడని అంటారు. ఇది మీదీ అది మాదీ అని పంచుకోవడానికి లేకుండా కలిసిపోయిన సొత్తు ఇది.

విరాసత్ లెక్క ఒకటి చేసి చూపిస్తాను, మీ పిల్లల చేత కూడా చేయించండి. ఒకాయన ఇంతెఖాల్ అయ్యారు. అమ్మానాన్నలు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు, వసియ్యత్ పోగా 32 సెంట్ల స్థలం మిగిలింది. పిల్లలున్నారు కాబట్టి భార్యకి ఎనిమిదో వంతు, అంటే 4 సెంట్లు. మిగతా 28లో కొడుక్కి రెండు పాళ్ళు, ఒక్కో కూతురికి ఒక పాలు. కొడుక్కి 14, కూతుళ్ళకి ఏడేసి. మొత్తం 32. మరి స్థలం 45 సెంట్లు అయితే? అప్పుడు భిన్నాలు రావాలి. ఒకటి బై ఎనిమిది, ఏడు బై పదహారు, ఏడు బై ముప్పై రెండు. వీటి హారాలకి కసాగు 32. మదరసాలో ఫరాయిజ్ చెప్పే ఆలిమ్ సాబ్ చేసేదీ, హైస్కూల్లో లెక్కల టీచర్ బోర్డు మీద చేసేదీ ఒకటే పని. ఆడపిల్లకి హక్కుగా వచ్చే ఆ ఏడు సెంట్లు అన్నదమ్ముల మాట మీద కాకుండా కాగితం మీద తేల్చుకోవాలంటే ఆ అమ్మాయికి కసర్ రావాలి. కసర్ అంటే భిన్నం.

ఇక పరీక్ష సంగతి. పాతకాలంలో లెక్కలు ఉండేవి, లెక్కల పరీక్ష పాసైతేనే చదువు పూర్తయినట్టు అనే రూలు ఉండేది కాదు. వీధి బడిలో పిల్లలు ఇసకలో వేలితో రాసి ఎక్కాలు వల్లెవేసేవారు. 1822లో మద్రాసు గవర్నర్ మన్రో అన్ని జిల్లాల బడుల వివరాలు అడిగితే, మచిలీపట్నం కలెక్టర్ కూడా 1823లో జవాబు పంపాడు. ఆ పట్టికల్లో ముస్లిం పిల్లలకి వేరే గడి ఉంది. పిల్లవాడు కరణం కొలువుకో, దుకాణానికో, పొలానికో ఎంత కావాలో అంత లెక్క నేర్చుకుని బడి వదిలేవాడు. వదిలినవాడు ఫెయిల్ కాడు.

ఫెయిల్ అనే మాట కంపెనీ పోయి విక్టోరియా రాణి పాలన వచ్చే రోజుల్లో వచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టారు. యూనివర్సిటీలోకి రావాలంటే మెట్రిక్యులేషన్ పాస్ కావాలి. చిన్న సర్కారీ నౌకరీకి కూడా అదే కొలబద్ద అయ్యింది. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి అప్పటికే నడుస్తోంది. పరీక్షలో అన్ని సబ్జెక్టులూ దాటాలి, ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. ఈ "మొత్తం" అనే షర్తు ఎంత గుడ్డిదో చెప్పడానికి ఒక్క పేరు చాలు. శ్రీనివాస రామానుజన్ 1903లో మెట్రిక్ పాసై, స్కాలర్‌షిప్ మీద కుంభకోణం కాలేజీలో చేరాడు. అక్కడ లెక్కలు తప్ప ఇంకేదీ పట్టించుకోక ఇంగ్లీషులో పోయి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. ఆ అవమానంతో 1905లో ఇల్లు వదిలి పారిపోయాడు. ఎక్కడికనుకున్నారు? మన విశాఖపట్నానికి. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరి ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ ఫెయిల్. లెక్కల్లో కాదు, మిగతావాటిలో. 1913లో మద్రాసు యూనివర్సిటీ డిగ్రీ లేకుండానే అతనికి పరిశోధన స్కాలర్‌షిప్ ఇచ్చిందంటే, తన రూలును తనే పక్కన పెట్టిందన్నమాట. రామానుజన్‌కి ఇంగ్లీషు ఎలా అడ్డం పడిందో, మా వీధిలో ఉర్దూ, తెలుగు, సోషల్ అన్నిటా మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకి లెక్కలు అలా అడ్డం పడుతున్నాయి. ఆ పిల్ల రామానుజన్ అని నేననడం లేదు. గొళ్ళెం మాత్రం ఒకటే.

1911లో మద్రాసు ప్రెసిడెన్సీలో మెట్రిక్ స్థానంలో ఎస్సెస్సెల్సీ వచ్చింది. సెకండరీ స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్. నా మట్టుకు ఈ మొత్తం తారీఖ్‌లో అన్నిటికన్నా హైరత్ కలిగించేది ఇదే. ఆ సర్టిఫికెట్ మొదలైనప్పుడు అందులో పాస్, ఫెయిల్ అనే తీర్పు లేదు. పేరుకి తగ్గట్టే అది బడి వదిలినవాడి చేతికిచ్చే పుస్తకం. నాలుగో ఫారం నుంచి ఆరో ఫారం దాకా బడిలో వచ్చిన మార్కులు ఒక చోట, పబ్లిక్ పరీక్షలో వచ్చినవి ఇంకో చోట, హెడ్మాస్టర్ దస్తఖత్, ఒంటి మీది పుట్టుమచ్చల గుర్తులు. ఎలిమెంటరీ మ్యాథమెటిక్స్ అందరికీ లాజిమీ, ఆల్జీబ్రా, జామెట్రీ లోతుగా చదవడం ఇష్టమైన వాళ్ళకి. కుర్రాడికి లెక్కల్లో 22 వస్తే పుస్తకంలో 22 అని ఉండేది. వాణ్ణి తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీవాడో, ఉద్యోగం ఇచ్చేవాడో చూసుకోవాలి. బడి పని ఏం వచ్చో, ఎంత వచ్చో చెప్పడం వరకే.

అంత మంచి ఏర్పాటు ఎందుకు నిలవలేదు? కాలేజీలకీ ఆఫీసులకీ పుస్తకం అంతా చదివే ఓపిక లేదు. ఒక్క మాట కావాలి, అవునా కాదా. కాలేజీ చదువుకి ఎలిజిబుల్ అనే మాట వచ్చింది. మెల్లగా జనం నోట్లో ఎలిజిబుల్ అంటే పాస్, కానివాడు ఫెయిల్. ఏదో ఒక రోజు ఎవరో దుర్మార్గుడు కూర్చుని రాసిన రూలు కాదిది. గుమాస్తాల తొందర నుంచి పుట్టింది. బ్రిటిష్ వాళ్ళు వాళ్ళకి 65 పెట్టుకుని, హిందుస్తానీలకి సగం తెలివేనని 33 పెట్టారన్న కథ ఒకటి ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది. నేను నమ్మను. కోపం తెప్పించడానికి బాగుంటుంది, అంతే.

నిజాం ఇలాకాలో కథ వేరుగా నడిచింది, మన వాళ్ళకి అది తెలియాలి. 1917లో హైదరాబాద్‌లో దారుత్తర్జుమా పెట్టారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది, చదువు ఉర్దూలో, ఇంగ్లీషు ఒక లాజిమీ సబ్జెక్టుగా. పై చదువుల లెక్కల పుస్తకాలన్నీ ఉర్దూలోకి రావాలి. పండితులు కూర్చుని మాటలు తయారు చేశారు. రజీయుద్దీన్ సిద్దీఖీ అక్కడే చదివి, కేంబ్రిడ్జ్ వెళ్ళి, జర్మనీలో లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేసి, తిరిగొచ్చి మళ్ళీ ఉస్మానియాలోనే లెక్కలు చెప్పాడు. ఉర్దూలో చదివితే లెక్కలు రావనే వాళ్ళకి ఈ ఒక్క మనిషి జవాబు.

అయితే ఆ మాటల సంగతి కూడా చెప్పాలి. నేను బందరులో ఉర్దూ మీడియంలో చదివినప్పుడు నా నోటికి ఆడిన లెక్కల భాష ఇది: కసాగు అంటే జుల్ అజ్‌ఆఫ్ అఖల్. గసాభా అంటే ఆద్ ఆజమ్. వర్గమూలం జజ్రుల్ మురబ్బా. లంబకోణ త్రిభుజం ఖాయిముజ్జావియా ముసల్లస్. వ్యాసార్థం నిస్ఫ్ ఖుత్ర్. సాంఖ్యకశాస్త్రం షుమారియాత్. పైథాగరస్ మాకు ఫీసాగోర్స్. తర్వాత డిగ్రీలో తెలుగు చదువుతూ తమ్ముడి వరసైన కుర్రాడికి తెలుగు మీడియం లెక్కలు చెప్పాల్సి వస్తే, కనిష్ఠ సామాన్య గుణిజం, వైశ్లేషిక రేఖాగణితం, ఏకఘాత అసమీకరణాలు చూసి నాకు నవ్వొచ్చింది. వాడిది సంస్కృతం, నాది అరబీ. వాళ్ళ ఇంట్లో కనిష్ఠ సామాన్య గుణిజం అనేవాళ్ళు లేరు, మా అమ్మీ ఎప్పుడూ జుల్ అజ్‌ఆఫ్ అఖల్ అనలేదు. అమ్మీ భాష దక్కనీ. ఆమెకి త్రిభుజం తికోన్, అంతే. మాటలు చెడ్డవని కాదు. జబర్దస్త్ మాటలు, ఒక్కోదాని వెనక వెయ్యేళ్ళున్నాయి. ముసావాత్ అంటే సమీకరణం, సమానత్వం కూడా. ఆ మాట విప్పి చెప్పే ఉస్తాద్ ఉంటే సమీకరణం జన్మలో మరవం. మాకు పదో తరగతిలో సగం సంవత్సరం లెక్కల ఉస్తాదే లేరు. పోస్టు ఖాళీ. ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్ పాపం గైడ్ చూసి బోర్డు మీద ఎక్కించేవారు.

నిజాం ఇలాకా నుంచి మళ్ళీ మన వైపు వస్తాను. 1956లో రెండు ప్రాంతాలూ ఆంధ్రప్రదేశ్ అయ్యాక, రెండు రకాల స్కూలు పద్ధతులని ఒక దారికి తేవలసి వచ్చింది. అరవైలు, డెబ్బైల్లో హైస్కూల్ చదివిన మీ ఇంటి పెద్దల్ని అడగండి, రెండు మాటలు చెప్తారు: జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్. డాక్టర్, ఇంజనీర్ కలలున్నవాళ్ళు కాంపోజిట్. మిగతావాళ్ళు జనరల్, అందులో బతుకుకి కావలసిన లెక్క. వింటే ఎంతో ఇన్సాఫ్‌గా అనిపిస్తుంది. మా ఫూఫీ జనరల్ మ్యాథ్స్ తీసుకుంది. తీసుకుంది అనడం కూడా తప్పే, పేరు రాసేశారు. ఆడపిల్లకి కాంపోజిట్ ఎందుకన్నారట. క్లాసులో అందరికన్నా వేగంగా వడ్డీ లెక్కలు చేసేదాన్నని ఇప్పటికీ చెప్పుకుంటుంది. పధ్నాలుగేళ్ళకి రాసిన ఆ ఒక్క అక్షరంతో సైన్సు చదువు దారి మూసుకుపోయింది. అందుకే ఎవరైనా "పేద పిల్లలకి తేలిక లెక్కలు పెడితే పోలా" అంటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ తేలిక దారిలోకి ఎవరి పిల్లల్ని తోలతారో నాకు తెలుసు.

ఆ రెండు దారులు ఎందుకు ఒకటయ్యాయి? 1964 నుంచి 66 దాకా పనిచేసిన కొఠారీ కమిషన్, మొదటి పదేళ్ళ చదువులో సైన్సు, లెక్కలు అందరికీ ఉండాలంది. 1968 జాతీయ విద్యా విధానం ఆ మాటే ఖాయం చేసింది. 1969లో మన రాష్ట్రంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది, పదో తరగతి అనేది పెద్ద గుమ్మం అయ్యింది. నియ్యత్ మంచిదే. రైతు కొడుక్కీ, జడ్జి కొడుక్కీ ఒకే లెక్కలు. అదే కాలంలో సోవియట్ స్పుత్నిక్ దెబ్బకి అమెరికాలో పుట్టిన కొత్త గణితం గాలి మన పాఠ్య పుస్తకాలకీ తగిలింది. మా రోజుల్లో పదో తరగతి మొదటి పేపర్ ప్రవచనాలు, సమితులతో షురూ అయ్యేది. రెండో పేపర్లో మాత్రికలు, త్రికోణమితి. యాభై మార్కుల పేపర్లు రెండు, ఒక్కోదానికి చివరి అరగంట బిట్ పేపర్. అందరికీ ఒకే పుస్తకం వచ్చింది. అందరికీ ఒకే ఉస్తాద్ రాలేదు. దెబ్బ తగిలింది ఇక్కడే. కమిషన్ చెప్పిన రెండు పనుల్లో, నేర్పడం అనే కష్టమైన పని ఊరూరా సగంలో ఆగింది. పరీక్ష పెట్టడం అనే తేలిక పని మాత్రం పక్కాగా జరిగింది.

పోయినేడు ఇంతేరు దగ్గర ఒక రొయ్యల చెరువు గట్టు మీద పదిహేడేళ్ళ కుర్రాడు కలిశాడు. మన పిల్లవాడే. లెక్కల్లో రెండుసార్లు పోయి చెరువు కాపలాకి కుదిరాడు. వల విసిరి తీసిన రొయ్యల్ని తూకం వేసి "యాభై కౌంట్" అన్నాడు, అంటే కిలోకి యాభై. పిల్ల ఎంత వేశారని అడిగాను. రెండు లక్షలు. ఇరవై శాతం పోయినా లక్షా అరవై వేలు, యాభై కౌంట్‌కి మూడు టన్నుల రెండొందల కిలోలు అని నేను ఫోన్ తీసేలోపు చెప్పేశాడు. వాహ్ అన్నాను. అక్కడితో ఆపేసి, చూశారా చదువురాని మేధావి అని రాసుకోవచ్చు. రాసేవాళ్ళున్నారు. నేను ఇంకో ప్రశ్న అడిగాను. మేత అప్పు లక్ష తెస్తే, నూటికి నెలకి రెండు రూపాయలు వడ్డీ, రెండేళ్ళకి ఎంత? నలభై ఎనిమిది వేలన్నాడు. నెలనెలా వడ్డీ మీద వడ్డీ కడితే? తెలీదన్నాడు. దాదాపు అరవై ఒక్క వేలు. పదమూడు వేలు తేడా. సూద్ హరామ్ అని మనందరికీ తెలుసు. అయినా అప్పుల్లో దిగుతున్నాం, దిగాక ఎంత కట్టామో కూడా తెలియకపోతే అది రెండో నష్టం. ఆ పిల్లవాడికి చక్రవడ్డీ నేర్పాల్సిన బాధ్యత బడిది. నేర్పలేదు. నేర్పకుండా పరీక్ష పెట్టి, రాలేదని కాగితం కూడా ఇవ్వలేదు.

పరీక్ష అనేది పిల్లవాడి తెలివినే కొలుస్తుందని అనుకునేవాళ్ళు మన రాష్ట్రం లెక్కలే చూడండి. 2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతిలో పాసైనవాళ్ళు 94.88 శాతం. 2020, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే రద్దు, అందరూ పాస్. 2022లో పరీక్ష మళ్ళీ పెడితే 67.26 శాతం. మధ్యలో బడులు మూతపడ్డాయి, ఇరవై మార్కుల ఇంటర్నల్స్ తీసేశారు, పేపర్ల పద్ధతి మారింది. 2024కల్లా మళ్ళీ 86.69. అయిదేళ్ళలో పిల్లల దిమాగ్ ఇలా పడిపోయి అలా లేవదు. మారింది చదువు దొరికిన తీరు, కొలిచిన తీరు. ఆ రెండేళ్ళూ ఒక్క పర్చా రాయకుండా పాసైన పిల్లలు ఇంటర్‌కి వెళ్ళారు, డిగ్రీకి వెళ్ళారు, గల్ఫ్‌కీ వెళ్ళారు. ఆకాశం ఏమీ ఊడిపడలేదు.

ఈ బహస్ మన దగ్గరే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 2006 బ్యాచ్ నుంచి హైస్కూల్ డిప్లొమాకి ఇంగ్లీషు, లెక్కల పరీక్ష తప్పనిసరి చేసింది. 2015లో ఆపేసింది. ఆపడంతో ఊరుకోలేదు, 2004 నుంచి మిగతా చదువంతా పూర్తి చేసి ఆ పరీక్ష దగ్గరే ఆగిపోయిన వాళ్ళందరికీ వెనక్కి వెళ్ళి డిప్లొమాలు ఇచ్చింది. మసాచుసెట్స్‌లో 2024 నవంబర్‌లో జనం ఓటు వేసి అలాంటి షర్తునే తీసేశారు. అదే దేశంలో బాబ్ మోజెస్ అనే నల్లజాతి ఉద్యమకారుడు వేరే మాట చెప్పాడు. అరవైల్లో మిసిసిప్పీలో నల్లవాళ్ళ పేర్లు ఓటరు జాబితాలో ఎక్కించడానికి దెబ్బలు తిన్న మనిషి. 1982లో ఆల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలుపెట్టాడు. ఓటు హక్కు ఎలాంటిదో ఆల్జీబ్రా నేర్చుకునే హక్కు కూడా అలాంటిదే, పేద పిల్లలకి దాన్ని తేలిక చేయకండి, పూర్తిగా నేర్పండి అన్నాడు. నేను ఈ ఇద్దరినీ ఒప్పుకుంటాను. నేర్పే విషయంలో బాబ్ మోజెస్ మాట, సర్టిఫికెట్ విషయంలో కాలిఫోర్నియా మాట. లెక్కలు పదో తరగతి దాకా ప్రతి పిల్లకీ ఉండాలి, అవే లెక్కలు, అదే పుస్తకం. పరీక్షా ఉండాలి. వచ్చిన మార్కు 22 అయితే 22 అని రాయండి. ఆ ఇరవై రెండు మిగతా సబ్జెక్టుల్ని మింగేయకూడదు. 1911 నాటి పుస్తకం ఈ పనే చేసింది కదా.

సీబీఎస్ఈ వాళ్ళు 2020 నుంచి పదో తరగతి లెక్కల్ని బేసిక్, స్టాండర్డ్ అని రెండు చేశారు. పుస్తకం, క్లాసు ఒకటే, పర్చా వేరు. మా ఫూఫీ కథ గుర్తున్నవాణ్ణి కాబట్టి నాకు ఇది సగమే నచ్చింది. మన రాష్ట్రం బోర్డులో అదీ లేదు. ఉన్న దారులు రెండు. లెక్కల్లో మాత్రమే పోయిన పిల్లలకి వేసవిలోనే సప్లిమెంటరీ ఉంటుంది, ఫీజు కట్టే గడువు రిజల్ట్స్ తర్వాత కొద్ది రోజులే. ఏడుపులూ తిట్లూ అయ్యేసరికి మన వాళ్ళలో చాలామంది ఆ గడువు దాటేస్తారు. అంతకన్నా ముందు మార్కుల రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ముప్పై మూడో, ముప్పై నాలుగో వచ్చినవాళ్ళు తప్పకుండా పెట్టించాలి.

రెండో దారి సర్కారు తనే 1989లో తెరిచింది. నేషనల్ ఓపెన్ స్కూల్, ఇప్పుడు ఎన్ఐఓఎస్ అంటున్నారు. అక్కడ పదో తరగతికి అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు, కనీసం ఒక భాష ఉండాలి, లెక్కలు లాజిమీ కావు. ఆ సర్టిఫికెట్ కూడా పదో తరగతి సర్టిఫికెటే. ఉర్దూ మీడియంలో రాసే వీలు కూడా ఉంది. ముందు గుమ్మానికి గొళ్ళెం పెట్టిన సర్కారే వెనక గుమ్మం తీసి ఉంచిందన్నమాట, చెప్పేవాళ్ళే తక్కువ. కానీ ఒక్క జాగ్రత్త. పిల్లకి ఇంటర్‌లో ఎంపీసీ కావాలన్నా, పాలిటెక్నిక్ కావాలన్నా లెక్కలు వదిలేసి ఈ దారి పట్టించకండి. బేటీని ముందు కూర్చోబెట్టుకుని, నువ్వు ఏం చదవాలనుకుంటున్నావని అడిగి, తర్వాత ఫారం నింపండి.